అత్త నాలుక మీద మన్ను

మునెప్ప ద్రాక్షతోటలో కొట్టిన మందు గాలికి లేచివచ్చి మా అక్కయమ్మత్త కాఫీతోటను చెరిచిందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. నంది కొండ వాలు కింద ఏ అరుగు మీద కూర్చున్నా ఈ కథ వినిపిస్తుంది. చెప్పేవాళ్ళు చేతులు తిప్పి గాలి ఎటునుంచి ఎటు వీచిందో కూడా చూపిస్తారు, ఆ పూట తామే దాన్ని పగ్గం పట్టి తోలినట్టు. పోయిన ఏడాది మునెప్ప పోయాడు. అతని పదకొండో రోజు భోజనాల పంక్తిలో కూడా, పాయసం వడ్డిస్తూ ఒకాయన ఈ కథే ఎత్తుకున్నాడు. నేను ఆకు ముందు కూర్చుని విన్నాను.

అంతా అబద్ధం. గాలి ఏమీ చెయ్యలేదు. మునెప్ప ఏమీ చెయ్యలేదు. చేసింది నేను.

రాసేశాను. ఇంత పొట్టి వాక్యమా ఇది? దీన్ని ఇన్నేళ్ళు లోపల పెట్టుకునే కాపురం చేశాను, పిల్లల్ని పెంచాను, చింతామణిలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పాను. నిజం ఏదో పరీక్షించి తేల్చుకోవాలి గాని, ఎవరో చెప్పారని నమ్మకూడదని ఏటా కొత్త పిల్లలకు పాఠం మొదలుపెట్టేదాన్ని. మా ఊరి కథను మాత్రం ఎవరో చెప్పారని నమ్మనిచ్చాను. ఊళ్ళో అయినవాళ్ళకు చెప్తే ఓదారుస్తారు. "పోనీలేమ్మా, చిన్నతనం" అంటారు. చిన్నతనం కాదు, ముప్పై ఏళ్ళు నాకప్పుడు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెప్తున్నాను. ఓదార్చకండి.

నన్ను కదిపింది ఒక కాఫీపొడి పొట్లం. ఈమధ్య బెంగళూరులో ఒక అంగడిలో చూశాను. పొట్లం మీద ఆకుపచ్చ ముద్ర, రసాయనాలు లేకుండా పండించిన కాఫీ అని అక్షరాలు. నా నోరు ఊరుకోదు కదా. లేవని ఎవరు చూశారు, ఎట్లా చూశారు అని అంగడాయన్ను అడిగాను. "తాగి చూడండమ్మా, మీకే తెలుస్తుంది" అన్నాడు. తెలియదు. నాలుకకు తెలియదు. ఈ ఒక్క విషయంలో నాకున్నంత అనుభవం ఆ ముద్ర వేసినవాళ్ళకు కూడా ఉండదేమో.

అక్కయమ్మత్త మా నాన్నకు అక్క. మగడు చిన్నవయసులోనే పోయాడు, పిల్లలు లేరు. కొండ వాలులో పనసచెట్ల నీడన ఆమెకు కాస్త కాఫీతోట ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ రాగులు, వేరుశనగ, తర్వాత ద్రాక్ష. కాఫీ అంటే చిక్కమగళూరు, కొడగు అనుకునేవాళ్ళకు మా తోటను చూస్తే నవ్వొచ్చేది. ఎప్పుడో కొండమీద బంగళాల్లో తెల్లవాళ్ళు వేసిన చెట్ల విత్తనం తెచ్చి మా అత్త మామగారు నాటాడట. అత్తకు ఆ చెట్లే బిడ్డలు. ఈ మాట చాలామంది చాలా చెట్ల గురించి అంటారు, నాకు తెలుసు. కాని ఆమె నిజంగానే ఒక్కో చెట్టునూ పేరుపెట్టి తిట్టేది.

తోట కింది గట్టు దాటితే మునెప్ప ద్రాక్షతోట. అత్త అతనికి అక్క, నాకు అతను మామ. చుట్టరికం కాదు, పిలుపు. ఇద్దరికీ ఒకటే కాలవ నీళ్ళు. నీళ్ళ వంతు ఎవరిదని ఏనాడూ మాట తేడా రాలేదు. అతను ద్రాక్షకు నీలం మందు, అంటే మైలుతుత్తం సున్నం కలిపిన నీళ్ళు కొట్టేవాడు. చేతులెప్పుడూ నీలంగా ఉండేవి. "మునెప్పా, కృష్ణుని మాదిరి అయితాండావే" అని అత్త వెక్కిరించేది. "గోపికలే లేరు కదక్కా, ఉండేదంతా నువ్వే" అనేవాడు.

అప్పట్లో కాఫీచెట్లకు కాండం తొలిచే పురుగు పట్టింది. బయట బెరడు బాగానే కనిపిస్తుంది. లోపల పురుగు సొరంగం తవ్వుకుంటూ పోతుంది. ఆకులు పసుపెక్కి, ఒకరోజు చెట్టు చేత్తో వంచితే పుటుక్కున విరుగుతుంది. అత్త దగ్గర దీనికి ఒకటే వైద్యం. ఎండలు ముదిరే ముందు కొబ్బరిపీచుతో బెరడు రుద్ది, సున్నం, పేడనీళ్ళు కలిపి మొదళ్ళకు పూసేది. ఆ సున్నం ఇంకెవర్నీ కలపనిచ్చేది కాదు. మొదటి చెట్టుకు కుంకుమ పెట్టి మరీ మొదలుపెట్టేది.

నేను బి.ఎస్సి. చదివినదాన్ని. సున్నానికి పురుగు చస్తుందా అని వాదించాను. సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ వాదించాను. బీఎచ్‌సీ పొడి అని ఒకటి ఉంది, కాఫీ అధికారులే పూయమంటున్నారు, అది కలిపితే ఒక్క ఏట తేలిపోతుంది అన్నాను. అది నిజమే, ఆ రోజుల్లో వాళ్ళు అదే చెప్పేవారు. అత్త ఒప్పుకోలేదు.

"పురుగు చచ్చే మందు మనిషికి బలమిస్తాదా? ఆ చెట్టు కాపు నేను తాగొద్దా?" అంది.

జవాబు నా దగ్గర ఉంది. పదార్థం ఎంత, మోతాదు ఎంత, గింజలోకి ఎంత పోతుంది, ఇట్లాంటివి. చెప్పాను కూడా. ఆమె మధ్యలో లేచి పొయ్యి ఊదుకోడానికి పోయింది. వాదనలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. ఎదుటి మనిషి వాదించకుండా లేచిపోతే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంట మీదే ఇదంతా చేశానా? చెట్ల మీద ప్రేమతో చేశానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ ప్రేమ ఎక్కడా దొరకడం లేదు. గెలవాలన్నదే కనిపిస్తోంది.

ఆ ఎండాకాలం అత్త కైవారానికి మొక్కు తీర్చుకోను పోయింది. సున్నం రాళ్ళు చల్లార్చి పెట్టింది, వచ్చి పూసుకుంటానంది. నేను చింతామణి ఎరువుల అంగడిలో పొడి కొని తెచ్చాను. మా ఊరి పక్క చిక్కబళ్ళాపురంలో కొంటే ఎవరైనా అత్తకు చెప్తారని. అంటే అప్పటికే ఇది దాచవలసిన పని అని నాకు తెలుసు. సున్నంలో కలిపాను. తెల్లదాంట్లో తెల్లది కలిసిపోయింది. పీచుతో బెరడు రుద్ది ప్రతి మొదలుకూ పూశాను. మొదటి చెట్టుకు కుంకుమ పెట్టడం కూడా మరిచిపోలేదు. అత్త చూసి మురిసిపోవాలని.

ఆ పొడికి ముక్కిపోయిన వాసన ఉంటుంది. చీమలకు, పురుగులకు ఇళ్ళల్లో చల్లుకునే పొడే, పల్లెలో ఆ వాసన తెలియని ముక్కు ఉండదు. నేను పూస్తుండగా మునెప్ప కాలవ చూసుకుంటూ గట్టు ఎక్కి వచ్చాడు. ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏమ్మా, సున్నం ఘాటుగా ఉండాదే" అన్నాడు.

"కొత్త సున్నం మామా" అన్నాను.

"ఓహో" అన్నాడు. కాలవలో కాలితో ఇంత మట్టి తోసి, దిగిపోయాడు. ఈ "ఓహో"ను గుర్తుపెట్టుకోండి. నేను మళ్ళీ దీని దగ్గరికి రావలసి ఉంది.

ఎండకు వాసన పోయాక అత్త తిరిగొచ్చి, మొదటి చెట్టు కుంకుమ చూసి, తన పని నేను చేసిపెట్టానని మురిసింది. కొన్ని నెలలకు చెట్లు తేరుకున్నాయి. కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఇక చూడండి నా బాధ. ఆమె చింతామణిలో మా ఇంటికి వచ్చి, నా మొగుడి ముందు, "చూస్తివా, నా సున్నం చేసిన పని! మీ బీయెస్సీలు దాని కాలిగోటికి చాలవు" అంది. నేను గెలిచాను. గెలిచానని చెప్పుకునే వీలు లేదు. కిక్కురుమనకుండా కాఫీ కలిపి ఇచ్చాను.

మరుసటి ఏడు కోతలయ్యాక ఒక తెల్లాయన వచ్చాడు. నా కాలేజీ స్నేహితురాలి ద్వారా వచ్చాడు. జర్మనీ మనిషి. మందులు, కృత్రిమ ఎరువులు వెయ్యని కాఫీతోటలు వెతుకుతున్నాడు. ఆ రోజుల్లో కాఫీ మనిష్టానికి అమ్ముకునే వీలు లేదు, పండినదంతా ప్రభుత్వ కాఫీ మండలికే అప్పజెప్పాలి. ఆ అనుమతుల సంగతి తర్వాత, ముందు తోట అర్హమో కాదో చూస్తాను అన్నాడు. నేను దుబాసీని. నాకు పట్టలేనంత కుతూహలం. ఎట్లా తేలుస్తాడు? ఏ యంత్రం తెచ్చాడు?

యంత్రమేమీ లేదు. అడిగాడు, అంతే. గోతాలు ఎక్కడ పెడతారు, ముందు వాటిలో ఏముండేది? వాననీళ్ళు ఏ పొలం మీదుగా వస్తాయి? ఇంట్లో మందు కొట్టే పంపు ఉందా? పక్క తోట ఎవరిది, గట్టుకూ చెట్లకూ ఎంత ఎడం? రాలిన ఆకులు ఏం చేస్తారు? కాఫీ రుచి చూడలేదు. గింజ కేసి సరిగ్గా చూడను కూడా లేదు.

"ఇదేం పెళ్ళిచూపులే అమ్మీ, పిల్లను చూడకుండా వంటిల్లు చూస్తాండాడు" అంది అత్త.

నేను ఆ మాటను ఇంగ్లీషులోకి తిప్పితే ఆయన పడీ పడీ నవ్వి, అదే నిజం అన్నాడు. ముద్ర గింజకు వెయ్యరట. ఆ గింజ వచ్చిన మన్నుకు, దాన్ని పండించే తీరుకు వేస్తారట. ఒకవేళ ఏదైనా మందు పడి ఉంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కుని, ఆపి, మూడేళ్ళు మన్ను శుభ్రంగా ఉంచాలట. ఆ మీదట మళ్ళీ చూస్తారట. "మన్నుకు ఉపాసమా, మంచిదే" అంది అత్త. మనిషి అబద్ధమాడితేనో అని నేను అడిగాను. నిజంగా తెలుసుకోవాలని అడిగాను, నమ్మండి. దొంగ తాళం గురించి ఆరా తీసినట్టు కాదు. లేక అట్లాగేనా? ఆయన, అందుకే పొరుగువాళ్ళను కూడా అడుగుతాం అన్నాడు.

గట్టు దిగి మునెప్పను అడిగాం. అక్కయమ్మ చెట్లకు ఏం వేస్తుంది? మునెప్ప నీలం చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ఆయమ్మ చీమలకు చక్కెర పెట్టే మనిషి. సున్నం, పేడ. వేరే ఏమీ లేదు, నేను చెప్తాండా కదా" అన్నాడు. నేను తర్జుమా చేశాను. మాట మాటకూ సరిగ్గా చేశాను.

తిరిగి పైకి వచ్చాక ఆయన అత్తను చివరిసారి అడిగాడు. ఈ చెట్లకు ఏ విషమూ తగల్లేదా? అత్తకు ఆ ప్రశ్న నచ్చలేదు. వంగి, మొదటి చెట్టు మొదట్లో, సున్నపు పెళ్ళలు రాలి ఉన్నచోట, చిటికెడు మన్ను తీసింది. నాలుక మీద పెట్టుకుంది. మింగింది.

"విషమైతే తిందునా? అడుగు" అంది.

మా వైపు మన్ను నోట్లో పెట్టుకుని చెప్పిన మాటకు తిరుగులేదు. గట్టు తగాదాలు అట్లాగే తేలేవి, కోర్టు దాకా పోయేవి కావు. ఆమె ఆయన కాగితాల కంటే పెద్ద కాగితం చూపించింది. నేను ఏం చేశాను? నోట్లో పెట్టుకోకముందే చెయ్యి పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు. ఆయన ముఖంలో ఆశ్చర్యం చూస్తూ, ఈ ఆచారం అర్థం ఏమిటో ఇంగ్లీషులో వివరించాను. బాగా వివరించాను. ఆ వివరణ నాకు ఇప్పటికీ మాట పోకుండా గుర్తుంది. అది గుర్తున్నందుకే సిగ్గేస్తుంది.

ఆయన మన్ను, గింజలు పొట్లం కట్టుకుని పోయాడు. వేసవి లోపలే తిరిగివచ్చాడు. మన్నులో దొరికింది. ఏది దొరికిందో పేరుతో సహా చెప్పాడు. నేను చింతామణిలో కొన్న పొడి పేరే.

అత్త నా మొహంలోకి చూసింది. "ఏమంటాండాడే?"

"మన్నులో మందు ఉండాదంట."

"యాడనుంచి వచ్చె?"

నేను మాట్లాడలేదు. ఇన్నేళ్ళు నాకు ఇదే గొప్ప వాదన. నేను ఒక్క మాట కూడా అనలేదు, మునెప్ప పేరు నా నోట రాలేదు, ఏ పంచాయితీలోనైనా నిలబడి చెప్తాను అనుకునేదాన్ని. నిజమే. మాట అనలేదు. తల తిప్పి కింది గట్టు వైపు, ద్రాక్షతోట వైపు చూశాను. అంతే చేశాను. అత్త నా చూపు వెంట చూసింది.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దారి ఉంది, ఒకసారి పడిందైతే మూడేళ్ళు ఆగుదాం, తెలియకపోతే మాత్రం నేనేమీ చెయ్యలేను అన్నాడు. అది నేను తర్జుమా చెయ్యలేదు, ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట, దాని వెంట నా నిజం తెలుగులోకి వచ్చి ఉంటే అత్తకు తోట దక్కేది, మునెప్ప దక్కేవాడు. నాకు పడేది ఒక తిట్టు. అత్త తిట్టు నాకేం కొత్త? ఎందుకంత భయపడ్డాను? తిట్టుకు కాదేమో. తన సున్నం గెలిచిందని ఆమె నమ్మింది, నేను దొంగచాటుగా గెలిచాను, ఇప్పుడు నా గెలుపు ఆమె నాలుక మీద మన్నయింది. దాన్ని తెలుగులో చెప్పడం నాకు చేతకాలేదు.

అత్త గట్టు మీద నిలబడి మునెప్పను దులిపేసింది. ఊరు ఊరంతా వచ్చి విన్నది. "నా చేత మన్ను తినిపించి, నా మాటను అబద్ధం చేస్తివి కదరా" అంది. మునెప్ప తువ్వాలు భుజాన వేసుకుని అంతా విన్నాడు. ఆమె అలిసిపోయి ఇంట్లోకి పోయాక నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు చదివినదానివి కదమ్మా. నా నీలం మందు కిందినుంచి పైకి ఎగిరి, ఆకుల్ని వదిలిపెట్టి, మీ చెట్ల మొదట్లోకే పోయి దిగతాదా?"

"గాలి మామా. ఎట్లన్నా తిరగొచ్చు."

అతను నన్ను చూశాడు. కోపం లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు చూశాడు.

"సరే తల్లీ. గాలి అంటే గాలే" అన్నాడు.

ఆ వారమే గట్టు పక్కనున్న రెండు సాళ్ళ ద్రాక్ష తనే పీకేశాడు. కాపు మీదున్న తీగలు. ఊరికి ఇంకేం కావాలి? తప్పు ఒప్పుకున్నాడు అన్నారు. అప్పటినుంచి అతను మందు మునెప్ప. సంతలో అతని బుట్ట ముందు నిలబడి, ఇది తింటే బతుకుతామా అని జోకులు. అతని కూతురి పెళ్ళికి అత్త పోలేదు. కాలవ నీళ్ళకు మొదటిసారి తగాదా వచ్చింది. రెండేళ్ళకు అత్త కాఫీచెట్లు కొట్టించేసింది. "గాలిని ఆపేదానికి నాకు చేతకాదు" అంది. ఆమె పోయే ముందు నేను పక్కనే ఉన్నాను. చెప్పలేదు. మునెప్ప మంచాన పడ్డప్పుడు వెళ్ళాను. ద్రాక్ష పెట్టారు, తిన్నాను. చెప్పలేదు.

తర్వాత కుతూహలం కొద్దీ ఈ ముద్రల గురించి దొరికినదంతా చదివాను. అప్పుడు తెలిసింది, మైలుతుత్తం, సున్నం కలిపిన ఆ నీలం మందును ఈ ముద్రలు వేసేవాళ్ళు హద్దుల్లో వాడుకోనిస్తారట. అంటే నిజంగానే గాలి వచ్చి, నిజంగానే మునెప్ప మందు అత్త ఆకుల మీద పడి ఉన్నా, ఆ తెల్లాయనకు అది అంత పెద్ద నేరం కాదు! చదువుతూ గట్టిగా నవ్వాను. మా ఆయన ఏమైందని అడిగాడు. ఏం లేదన్నాను. నాకు బాగా అలవాటైన మాట.

ఇది అచ్చయితే ఒక ప్రతి మునెప్ప కూతురికి పంపుతాను. ఆమె చిక్కబళ్ళాపురంలో ఉంది. చదివి నన్ను ఏమన్నా అనొచ్చు, చింతామణికి వచ్చి మా వాకిట్లో నిలబడి అనొచ్చు. ఎదురు మాట్లాడను. క్షమించమని అడగడం లేదు, ఆ బరువు ఆమె మీద పెట్టడానికి నాకేం హక్కు? కథ మాత్రం సరిచెయ్యాలి. గాలి కాదు, నేను. ఇది రాశాక ఊపిరి కాస్త కిందిదాకా పోతోంది. అంతకంటే ఏమీ మారలేదు.

ఒక్కటే తేలలేదు. ఆ "ఓహో" నన్ను వదలదు. ద్రాక్ష పండించే మనిషి. అన్ని మందులూ ముక్కుతో పోల్చగలిగినవాడు. ఆ రోజు గట్టు మీద నిలబడి ముక్కు ఎగబీల్చినప్పుడు అతనికి ఏమీ తెలియకపోతే, నేను ఒక అమాయకుడి పేరు పాడుచేసినదాన్ని. ఆ తప్పు ఎంతదో నాకు తెలుసు, మోయగలను. కాని తెలిసి ఉంటే? తెలిసే ఆ తెల్లాయన ముందు అత్త కోసం అబద్ధం చెప్పి ఉంటే, తెలిసే నా "గాలి"ని ఒప్పుకుని, కాపు మీదున్న తీగలు పీకి ఉంటే?

మామా, ఆ వాసన ఏదో నీకు తెలిసిందా, లేదా?